ఆదివారం సాయంత్రం వచ్చే కడుపునొప్పి

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబు ఇంటర్ ఫస్టియర్, హనుమకొండలో హాస్టల్. రెండు నెలలుగా ఫోన్ చేసినప్పుడల్లా కడుపునొప్పి అంటున్నాడు, స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు "నాటకం, అలవాటు పడతాడు" అంటున్నారు. ఇంటికి తీసుకురావాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ముందు ఒక మాట. నాటకం కాదు. మా అమ్మాయి విషయంలో నేను కూడా అదే మాట అన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది కాజీపేట. మా అమ్మాయి బైపీసీ. ఇంటి నుంచి కాలేజీకి పట్టుమని పది కిలోమీటర్లు లేదు. అయినా "రానుపోను టైమ్ వేస్ట్, హాస్టల్లో అయితే స్టడీ అవర్స్ ఉంటాయి" అని అందరూ చెబితే హాస్టల్లోనే వేశాను. దసరా సెలవుల తర్వాత మొదలైంది కడుపునొప్పి. అల్ట్రాసౌండ్ తీయించాం, రక్తపరీక్షలు చేయించాం, అన్నీ బాగానే ఉన్నాయి. రిపోర్టు చేతిలో పట్టుకుని "చూసినవా, నీకేం లేదు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

తర్వాత ఒక మానసిక వైద్యురాలు వివరంగా చెప్పింది. మెదడుకూ పేగులకూ మధ్య నరాల సంబంధం నేరుగా ఉంటుంది. భయం, దిగులు ఎక్కువైతే పేగుల కదలిక మారిపోతుంది, చిన్న కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. స్కానింగ్‌లో అది కనిపించదు, కానీ పిల్లకు నొప్పి మాత్రం నిజంగానే ఉంటుంది. అయితే అన్నీ టెన్షన్ ఖాతాలో వేయొద్దని కూడా చెప్పింది. జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేంత నొప్పి ఉంటే మళ్లీ డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఒక ఆదివారం చూడటానికి వెళ్లాం. మా ఆవిడ బగారా అన్నం, కోడికూర స్టీలు డబ్బాలో పెట్టి తెచ్చింది. హాస్టల్ ముందు వేపచెట్టు కింద సిమెంటు గద్దె మీద కూర్చున్నాం. చుట్టూ మాలాంటి కుటుంబాలే, అందరి చేతుల్లో డబ్బాలే. అమ్మాయి అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద నోటి దాకా రావడం లేదు. చూపుడువేలికి ప్లాస్టర్ ఉంది. గోరు కొరికి కొరికి చర్మం దాకా వచ్చిందట. నేను ఆ ప్లాస్టర్ చూశాను. చూసి కూడా "వీక్లీ టెస్టుల ఎంతొచ్చింది బిడ్డా?" అని అడిగాను. నాలుగింటికి బెల్లు కొట్టగానే, సగం కూడా తినని డబ్బా మూత పెట్టి వాళ్లమ్మ చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

సంక్రాంతి సెలవుల్లో విషయం బయటపడింది. ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది చెప్పు" అని ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు బాపూ" అనేది. ఒక సాయంత్రం వాకిట్లో ముగ్గురం అనపకాయలు వలుస్తున్నాం. అందరి చూపూ చేటలోనే ఉంది. అప్పుడు తనంతట తానే అన్నది: "బాపూ, నన్ను కింది సెక్షన్‌ల ఏసిన్రు. నవంబర్‌లనే. అమ్మ పుస్తెలతాడు బ్యాంకుల పెట్టి ఫీజు కట్టిన్రు గదా, ఎట్ల చెప్పాలె?"

మార్కులను బట్టి సెక్షన్లు మార్చుతారని నాకు తెలుసు. తెలియనిది రెండోది. గోల్డ్ లోన్ సంగతి ఆమెకు పదిసార్లు చెప్పింది నేనే. మా కష్టం తెలిస్తే పట్టుదల పెరుగుతుందనుకున్నాను. ఆ పిల్ల ఆ లోన్‌ను రెండు నెలలు కడుపులో మోసింది. తన స్నేహితురాలు పై సెక్షన్‌లో ఉండిపోయింది, రాత్రుళ్లు నిద్ర లేదు, ఇంటికి చెబుదామంటే మేము బాధపడతామని భయం. చెల్లెమ్మా, మీ ఇంట్లో కూడా ఫీజు గురించి, అప్పు గురించి బాబు ముందు ఏమేం అన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. తప్పు పట్టడానికి కాదు. అడగాల్సింది అక్కడి నుంచే అని నాకు అర్థమైంది.

మేము డే స్కాలర్‌గా మార్పించి ఇంటికి తెచ్చుకున్నాం. హాస్టల్ ఫీజు తిరిగి రాలేదు. తెచ్చిన మర్నాటి నుంచే అంతా బాగైందని కూడా అనుకోకండి. మొదటి నెల తొమ్మిదింటిదాకా పడుకునేది, మా అమ్మ గొణిగేది. డాక్టరమ్మ అడ్డుపడింది: ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, వాళ్ల శరీరానికి రాత్రి నిద్ర రావడమే ఆలస్యం, పడుకోనివ్వండి అని. హాస్టల్లో ఐదింటికి లేపి, రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టేవాళ్లు. లెక్క మీరే వేసుకోండి. కడుపునొప్పి తగ్గడానికి రెండు నెలలు పట్టింది.

అలాగని అందరూ తీసుకొచ్చేయాలని అనను. మా వీధిలో ఒక అబ్బాయికి రూమ్ మార్చి, వారం మధ్యలో ఒకసారి ఇంటికి ఫోన్ చేసుకోనిస్తే సర్దుకున్నాడు, హాస్టల్లోనే చదువు పూర్తి చేశాడు. బాబుకు దేనివల్ల బాధో తెలిశాక నిర్ణయం తీసుకోండి. కానీ తిండి, నిద్ర రెండూ చెడి, స్నేహితులతో కూడా మాట్లాడకుండా రెండు వారాలు దాటితే ఆగొద్దు. "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాట వచ్చినా, తన వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా, ఆ రోజే వెళ్లి తెచ్చుకోండి, ఒంటరిగా వదలొద్దు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనకు భయం, కానీ అలా జరగదు. అడిగేవాళ్లు దొరికితే పిల్లలకు బరువు దిగుతుంది.

మానసిక సమస్యలకు సాయం చేసే ఫోన్ సేవ టెలి మానస్ నంబర్ 14416 రాసి పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలే చేయాలని లేదు, తల్లిదండ్రులు కూడా చేయొచ్చు. నేను చేశాను, అరగంట ఓపికగా విన్నారు. నేరుగా చూపించాలంటే వరంగల్ ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంలో మానసిక విభాగం ఉంది. "పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకపోతవా" అని మా ఇంట్లో కూడా అన్నారు. జ్వరం వస్తే చూపించమా అని ఒక్కమాట అని, బండి తీశాను.

ఈ ఆదివారం వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చోకండి. అవుటింగ్ ఇస్తే బండి మీద భద్రకాళి చెరువు దాకా తీసుకెళ్లండి, గట్టు మీద పక్కపక్కన నడవండి. మార్కుల మాట ఎత్తకండి. "రాత్రి నిద్ర పడుతోందా? తినేటప్పుడు పక్కన ఎవరు కూర్చుంటారు?" అని అడగండి. సమాధానం రాకపోయినా ఫర్వాలేదు, ఇంకో రౌండు నడవండి. వచ్చాక బాబు ఎలా ఉన్నాడో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.