ఓపీజీ ఉండగా మళ్లీ త్రీడీ స్కాన్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 52. కింది దవడలో కుడివైపు ఒక దవడపన్నును రెండేళ్ల కిందట తీయించుకున్నాను. ఆ చోట ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) పెట్టించుకుందామని వెళ్తే, ఆరు నెలల కిందటి ఓపీజీ (రెండు దవడలూ ఒకే చిత్రంలో కనిపించే ఎక్స్-రే) చేతిలో ఉన్నా, సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించుకు రమ్మన్నారు. అది నిజంగా అవసరమా? రేడియేషన్ ప్రమాదం కాదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ విషయంలో ఆ సలహా సరైనదేనని నా అభిప్రాయం. ఓపీజీ గుర్రపునాడాలా వంగి ఉండే దవడను చాపలా పరిచి చూపిస్తుంది. అందులో ఎముక ఎత్తు సుమారుగా తెలుస్తుంది గానీ, బుగ్గ వైపు నుంచి నాలుక వైపుకు ఎముక ఎంత మందంగా ఉందో తెలియదు. పన్ను తీసిన చోట ఎముక ముఖ్యంగా తరిగేది ఆ మందంలోనే. మొదటి ఏడాదిలోనే అది సగం దాకా తగ్గిపోవచ్చు. మీకు రెండేళ్లు గడిచాయి కాబట్టి, చిగురు పైకి నిండుగా కనిపిస్తున్నా లోపలి ఎముక సన్నబడి ఉండే అవకాశం ఉంది.

ఇంకా ముఖ్యమైనది నరం. దవడపళ్ల వేర్లకు దిగువన, ఎముక లోపలి సన్నని కాలువ గుండా వెళ్లే ఈ నరమే కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది. ఇంప్లాంట్ కొసకూ ఆ కాలువకూ మధ్య సాధారణంగా 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచుతారు. డ్రిల్ నరానికి తగిలితే పెదవి తిమ్మిరి నెలల తరబడి, ఒక్కోసారి శాశ్వతంగా, ఉండిపోవచ్చు. పైగా అక్కడ నాలుక వైపు ఎముక లోపలికి గుంటపడి ఉంటుంది. దాని లోతు తెలియకుండా డ్రిల్ చేస్తే ఎముక అవతలికి చిల్లుపడి, నోటి అడుగున ఉన్న రక్తనాళాలు దెబ్బతినవచ్చు. ఈ గుంటను ఓపీజీలో కొలిచే వీలే లేదు.

సీబీసీటీలో శంకువు ఆకారంలో వెలువడే ఎక్స్-రే పుంజం తల చుట్టూ ఒక్కసారి తిరుగుతూ, 10 నుంచి 40 సెకన్లలో వందలాది చిత్రాలు తీస్తుంది. కంప్యూటర్ వాటన్నిటినీ కూర్చి, ఎముకను ఏ దిక్కు నుంచైనా కోసి చూసినట్లు చూపిస్తుంది. ఆ కాసేపు మింగకుండా, కదలకుండా ఉండండి. కదిలితే చిత్రం మసకబారి, మళ్లీ తీయాల్సి వస్తుంది.

ఇక రేడియేషన్. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకు సహజంగానే ఏడాదికి సగటున 2,400 మైక్రోసీవర్టుల రేడియేషన్ అందుతుంది. ఓపీజీకి సుమారు 10 నుంచి 20 పడితే, చిన్న భాగానికి తీసే సీబీసీటీకి చాలా యంత్రాల్లో కొన్ని పదులు పడతాయి. మొత్తం ముఖానికి తీస్తే అది వందల్లోకి వెళ్లవచ్చు. అందుకే 'తీయించుకోవాలా' అన్న ప్రశ్నతో పాటు 'ఎంత మేరకు తీయాలి' అని కూడా అడగండి. మీకు కింది దవడలో కుడివైపు తీస్తే చాలు. కేంద్రానికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉందో లేదో అడగడానికి మొహమాటపడవద్దు. అచ్చువేసిన ఫిల్ముతో సరిపెట్టుకోక, మొత్తం స్కాన్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. రేపు వైద్యుణ్ని మార్చినా మళ్లీ తీయించుకునే పని ఉండదు.

ప్రశ్న: రూట్ కెనాల్ చేసి మెటల్ క్యాప్ వేసిన పై దవడపన్ను కొరికినప్పుడు నొప్పి పుడుతోంది. పగులు ఉందేమో చూడటానికి నేనే వెళ్లి త్రీడీ స్కాన్ తీయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. ముందు మీ వైద్యునికి చూపించండి. లోహపు క్యాప్ చుట్టూ స్కాన్‌లో తెల్లని, నల్లని చారలు ఏర్పడి, అసలు చూడాల్సిన చోటునే కప్పేస్తాయి. లేని పగులు ఉన్నట్లు కూడా భ్రమ కలిగిస్తాయి. వెంట్రుకవాసి పగులు చాలాసార్లు స్కాన్‌కు అందదు. చిగురులో సన్నని కొలకడ్డీ పెట్టి చూసినప్పుడు ఒకే ఒక్క చోట అది లోతుగా దిగితే, పగులును అనుమానించడానికి అది బలమైన ఆధారం. అయితే పై మొదటి దవడపన్నులో బుగ్గ వైపు ముందు వేరులో పంటి నరం ఉండే రెండో కాలువ తరచుగా ఉంటుంది, మొదటిసారి చికిత్సలో అది తప్పిపోవడమూ ఉంది. మీ వైద్యుని అనుమానం దాని మీదైతే, ఆ ఒక్క పంటి మేరకు తీసే చిన్న స్కాన్ ఉపయోగపడుతుంది.