కొత్తగా పీజీ గైడ్ అయిన డాక్టరమ్మకు

అమ్మా,

ఈ ఏడాది నీకు థీసిస్ చేయించడానికి ఇద్దరు ఎండీ పీజీ విద్యార్థులను కేటాయించారట, సంతోషం. పాఠం బాగా చెబుతావు. గైడ్ చేయడం మాత్రం వేరే పని.

ఒక్కొక్కరికి వారానికి అరగంట విడిగా కేటాయించు. నైట్ డ్యూటీ మర్నాడు వద్దు, నిద్రలేని మనిషికి ఏం చెప్పినా ఎక్కదు. రౌండ్స్‌లో నడుస్తూ అడగడం ఈ లెక్కలోకి రాదు.

"థీసిస్ ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే "అవుతోంది మేడమ్" అంటారు. "మాస్టర్ చార్ట్ తెరువు" అను, అన్ని కేసుల వివరాలూ ఉండే పట్టిక అది. తొలి ఐదు ప్రొఫార్మాలనూ (ఒక్కో పేషెంటు వివరాలు నింపే ఫారాలు) కేస్ షీట్లు పక్కన పెట్టుకుని నువ్వే సరిచూడు. షుగర్ పేషెంట్ల మీద స్టడీ అనుకో. మూడో నెల హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షకు వాళ్లను ఎవరు పిలుస్తారు? ఫోన్ నంబర్లు విడిగా రిజిస్టర్‌లో ఉన్నాయా? టెస్టు ఖర్చు ఎవరిది? ఆ పరీక్ష గత రెండు మూడు నెలల షుగర్‌నే చెబుతుంది కాబట్టి, ఏడాది తర్వాత చేయిస్తే మూడో నెల విలువ రాదు. అరవయ్యో కేసు దగ్గర ఆ గడులు ఖాళీగా కనిపిస్తే చేయగలిగేది ఏమీ లేదు. దొంగ అంకెలు పుట్టేది అక్కడే.

క్యాలెండర్ వెనకనుంచి వేయించు. కోర్సు 36 నెలలు. థీసిస్‌ను ఫైనల్ పరీక్షకు ఆరు నెలల ముందే ఇవ్వాలి. థీసిస్ ప్రణాళిక అయిన సినాప్సిస్‌కు, ఎథిక్స్ కమిటీ అనుమతికి ఆరు నెలలు, జిల్లా ఆసుపత్రిలో పనిచేసే జిల్లా రెసిడెన్సీకి మూడు, విశ్లేషణకీ రాతకీ మూడు తీసేస్తే మిగిలేది ఏడాదిన్నర. మూడు నెలల ఫాలోఅప్ ఉంటే ఆఖరి పేషెంటు ఆ ఏడాదిన్నరలో పదిహేనో నెలలోపే చేరాలి. శాంపుల్ సైజు అందుకు సరిపోకపోతే టాపిక్ ఇప్పుడే మార్చు. చికిత్సను పరీక్షించే ట్రయల్ అయితే మొదటి పేషెంటును చేర్చుకోకముందే ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు కావాలి.

డ్రాఫ్టు వారంలోగా తిరిగివ్వు. పేజీకి రెండు మూడు తప్పులే గుర్తుపెట్టి, పక్కన కారణం రాయి. మొత్తం నువ్వే దిద్దితే అది నీ రాతవుతుంది, వాళ్లకు రాయడం రాదు.

నీ లోపాలు వాళ్లు నీకు చెప్పరు, సంతకం నీ చేతిలో ఉంది కదా. అందుకని ఆరు నెలలకోసారి వేరే యూనిట్ సహోద్యోగిని ఆ అరగంటలో కూర్చోబెట్టుకో, పీజీకి ముందే చెప్పి. నువ్వెన్ని నిమిషాలు మాట్లాడావో, పీజీ ఎన్ని నిమిషాలు మాట్లాడాడో వాచీ చూసి రాసిపెట్టమను. సగం కంటే ఎక్కువ నీదే అయితే, తర్వాతి వారం ప్రశ్న అడిగి ఆగు. జవాబు వచ్చేదాకా ఆగు. ఆ సహోద్యోగి పీజీలతో నువ్వూ అలాగే కూర్చో.