క్లోన్ చేసిన వీఎంకి పాతదాని ఐపీనే ఎందుకు వస్తోంది?

ఉబుంటు వీఎం (కంప్యూటర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్) డిస్క్‌ని రెండో హోస్ట్‌కి (వీఎంలను నడిపే అసలు మెషీన్) కాపీ చేసి, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) మార్చినా పాత ఐపీనే వస్తోందని అడిగారు. రౌటర్‌ని తిట్టకండి, దాని తప్పేం లేదు. నేను ఓ రాత్రంతా తిట్టి చూశాను.

ఉబుంటు సర్వర్‌లో 18.04 నుంచి నెట్‌వర్క్ చూసుకునేది సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ. ఐపీ అడిగేటప్పుడు అది తన గుర్తింపుగా మ్యాక్ చెప్పదు. ఈటీసీ ఫోల్డర్‌లోని మెషీన్-ఐడీ ఫైల్ నుంచి తయారైన ఐడీ చెబుతుంది. డిస్క్‌తో పాటు ఆ ఫైలూ వచ్చేసింది కాబట్టి ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ దృష్టిలో రెండూ ఒకటే.

క్లోన్‌లో ఆ ఫైల్‌ని డిలీట్ చేయకుండా ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్త ఐడీ రావాలి. నాకు రాలేదు! రెండుసార్లు ఖాళీ చేస్తే రెండుసార్లూ పాతదే వచ్చి కూర్చుంది. తర్వాత తెలిసింది: కేవీఎంలో (లినక్స్‌లో వీఎంలను నడిపే వ్యవస్థ) ఆ ఫైల్ ఖాళీగా కనిపిస్తే సిస్టమ్‌డీ (ఉబుంటుని లేపి నడిపే ప్రోగ్రామ్) వీఎం యూయూఐడీనే (హోస్ట్ వైపు దానికుండే గుర్తింపు నంబరు) తీసుకుని అందులో రాస్తుంది. మా పాత వీఎం క్లౌడ్ ఇమేజ్ (ముందే సిద్ధం చేసిన ఉబుంటు డిస్క్) నుంచి లేపింది, దాని ఐడీ కూడా అలా వచ్చిందే. నేనేమో లిబ్‌వర్ట్ (వీఎంలను నిర్వహించే టూల్) ఎక్స్‌ఎంఎల్‌ సెట్టింగ్స్ ఫైల్‌లో పేరు, మ్యాక్ మార్చి యూయూఐడీ లైన్ వదిలేశాను. హోస్ట్ వేరు కదా, లిబ్‌వర్ట్ కూడా ఏమీ అనలేదు. ఆ లైన్ తీసేసి డిఫైన్ చేస్తే కొత్త యూయూఐడీ లిబ్‌వర్టే ఇస్తుంది. ఒకే హోస్ట్‌లో వర్ట్-క్లోన్ (వీఎంని కాపీ చేసే కమాండ్) వాడేవాళ్లకి ఈ యూయూఐడీ బాధ లేదు.

ఐపీ గొడవ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి). ఐపీ ఒకటే అయినప్పుడు, మెషీన్ మారితే హోస్ట్ కీ (సర్వర్‌ని గుర్తుపట్టే తాళం) మారిందని హెచ్చరిక రావాలి కదా? కీలు కూడా కాపీ అయ్యాయి కాబట్టి అదీ రాలేదు. క్లోన్‌లో ఉన్నాననుకుని అసలు సర్వర్‌లో డేటాబేస్ ఆపేశాను. రెండు నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి.

అందుకే ఇప్పుడు క్లోన్‌ని మొదటిసారి నెట్‌వర్క్ లింక్ తీసేసి, కన్సోల్ నుంచే లేపుతాను. మెషీన్-ఐడీ, హోస్ట్ కీలు మార్చాకే లింక్ పెడతాను. వర్ట్-సిస్‌ప్రెప్ అనే కమాండ్ ఈ రెండూ ఒకేసారి తుడిచేస్తుంది గానీ, ఆగి ఉన్న వీఎం మీదే నడపండి, నడుస్తున్నదాని మీద వాడితే డిస్క్ పాడవ్వచ్చు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ లేవకపోతే కంగారు పడకండి, కొత్త కీలు ఇంకా పుట్టలేదన్నమాట. కన్సోల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ ప్యాకేజీని రీకన్ఫిగర్ చేస్తే వస్తాయి.