సముద్ర కాలుష్యం మీద పెట్టే ఇంటరాక్టివ్ ఆర్ట్ ఇన్‌స్టలేషన్ల వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

సెల్ఫీ దిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, అది నిజమే. అయినా మామూలు బొమ్మకీ, మనం లోపలికి నడిచివెళ్లే బొమ్మకీ చాలా తేడా ఉంటుంది.

2019లో సింగపూర్‌లో కళాకారుడు బెంజమిన్ వాన్ వాంగ్ బృందం చేసిన ‘ప్లాస్టికోఫోబియా’ చూడండి: ఊళ్లోని ఫుడ్ సెంటర్లలో జనం తాగి పడేసిన 18,000 ప్లాస్టిక్ కప్పులు ఏరి, కడిగి, ఒక గుహలాగా పేర్చారు, లోపల లైట్లు వేస్తే స్ఫటికంలా మెరుస్తుంది, అందంగా ఉందే అనుకుంటూ అడుగుపెట్టాక చుట్టూ ఉన్నది పొద్దున మనం కాఫీ తాగి పారేసిన కప్పే అని తెలుస్తుంది. అన్ని కప్పులు పోగవడానికి పట్టింది రోజున్నరే! ‘వేల టన్నులు’ అని పేపర్లో చదివితే ఎక్కని విషయం ఇక్కడ ఠక్కున ఎక్కుతుంది.

అమెరికాలో ఓరెగాన్ తీరాన ‘వాష్డ్ అషోర్’ అనే సంస్థ వాళ్లది ఇంకో పద్ధతి. బీచ్‌కి కొట్టుకొచ్చిన చెత్తతోనే తిమింగలం పక్కటెముకల గూడు కట్టారు, అందులోంచి నడిచివెళ్లొచ్చు. నా లెక్కలో చూసేవాళ్ల కంటే ఆ చెత్త ఏరి, కడిగి, రంగులవారీగా వేరుచేసే వాలంటీర్ల మీదే దీని ప్రభావం ఎక్కువ.

కానీ ఒక్క ఇన్‌స్టలేషన్‌తో సముద్రం శుభ్రమైపోదు, ఫ్యాక్టరీల్లో ప్లాస్టిక్ తయారీ తగ్గదు, దానికి చట్టాలు కావాల్సిందే.