వర్చువల్‌బాక్స్ తీసేసి మళ్ళీ వేస్తే పోయే ఎర్రర్ కాదిది

ప్రశ్న: సర్ నమస్తే, ల్యాప్‌టాప్‌లో ఉబుంటు మీద వర్చువల్‌బాక్స్ వేసుకుని అందులో విండోస్ నడుపుతున్నా. ఇన్నాళ్ళూ బానే ఉంది, మొన్న అప్‌డేట్స్ పడి రీస్టార్ట్ చేశాక మాత్రం మెషీన్ స్టార్ట్ చేస్తే చాలు 'కెర్నెల్ డ్రైవర్ నాట్ ఇన్‌స్టాల్డ్' అని 1908 నంబర్‌తో ఎర్రర్. తీసేసి మళ్ళీ వేశా, అదే గోల. లోపలున్న విండోస్ పోయినట్టేనా?

జవాబు: పోలేదండీ, కంగారు పడకండి. మీ విండోస్ డిస్క్ మొత్తం ఒక పెద్ద వీడీఐ ఫైల్‌గా మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటది, ఈ ఎర్రర్ దాని జోలికే వెళ్ళదు.

వర్చువల్‌బాక్స్‌కి ప్రాసెసర్‌తో నేరుగా పని, అది కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లోపల్నుంచే కుదురుతది, అందుకని వీబాక్స్‌డీఆర్‌వీ అని ఒక మాడ్యూల్‌ని, అంటే కెర్నెల్‌కి తగిలించే చిన్న ముక్కని, మీ మెషీన్‌లోనే కంపైల్ చేసి పెట్టుకుంటది. లినక్స్ కెర్నెల్ లోపలి ఏర్పాట్లు వెర్షన్‌కీ వెర్షన్‌కీ మారిపోతుంటాయి, అలాగే ఉంచుతామని వాళ్ళు ఎవరికీ మాటివ్వలేదు కూడా. అంచేత ఒక కెర్నెల్‌కి చేసిన మాడ్యూల్ ఇంకోదానికి పట్టదు. మీ అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ వచ్చింది, మాడ్యూల్ పాతదానితోనే ఉండిపోయింది, అంతే కథ.

టెర్మినల్‌లో యూనేమ్ మైనస్ ఆర్ కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ కనిపిస్తది. సరిగ్గా అదే వెర్షన్ లినక్స్ హెడర్స్ ప్యాకేజీ (మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన కెర్నెల్ ఫైల్స్) ఉందా చూడండి, పక్క వెర్షన్ ఉంటే లాభం లేదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కంపైల్ చేయడానికి వాడే జీసీసీ, మేక్, పెర్ల్ కూడా ఉండాలి. అన్నీ ఉన్నాక సుడోతో (అడ్మిన్ హక్కులతో) వీబాక్స్‌కాన్ఫిగ్ నడపండి, మాడ్యూల్‌ని మళ్ళీ కట్టేది అదే. ఇకముందు ఈ తిప్పలు వద్దనుకుంటే లినక్స్ హెడర్స్ జెనెరిక్ అనే ప్యాకేజీ, డీకేఎంఎస్ రెండూ వేసి ఉంచండి. కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ని తనే మళ్ళీ కట్టుకోవడమే డీకేఎంఎస్ పని, డెల్ వాళ్ళు మొదలుపెట్టిన టూల్ అది. హెడర్స్ లేకపోతే మాత్రం అది కూడా చేతులెత్తేస్తది.

కంపైల్ అయింది గానీ లోడ్ అవ్వట్లేదు, 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంటోంది అనుకోండి, అది సెక్యూర్ బూట్ పని, అంటే నమ్మకమైన సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే ల్యాప్‌టాప్ సెట్టింగ్. సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నెల్ లోపలికి రానివ్వదు. మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో, మాడ్యూల్‌కి సంతకం పెట్టే మీ కీని (దాన్నే మోక్ అంటారు) ఇంపోర్ట్ చేసి ఒక పాస్‌వర్డ్ పెట్టుకుని రీస్టార్ట్ చేస్తే నీలం స్క్రీన్ వస్తది, అక్కడ ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ స్క్రీన్ కొన్ని సెకన్లే ఉంటది, టీ తెచ్చుకుందామని లేచారో మళ్ళీ మొదటికే. సెక్యూర్ బూట్ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ళు బోలెడుమంది, పనైతే అవుద్ది గానీ కీ పెట్టుకోవడమే నయం.

కంపైలే ఫెయిలైతే వార్ లాగ్ (/var/log) ఫోల్డర్‌లో వీబాక్స్ సెటప్ లాగ్ తెరిచి మొదటి ఎర్రర్ చదవండి, చివరిది కాదు. మీ వర్చువల్‌బాక్స్ పాతదై కెర్నెల్ మరీ కొత్తదైతే ఇలాగే అవుద్ది, కొత్త వెర్షన్ వేసేదాకా బూట్ అయ్యేటప్పటి గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకెళ్ళి పాత కెర్నెల్‌తో బూట్ అయి పని కానిచ్చుకోండి.

ప్రశ్న: నాకు మాడ్యూల్ లోడ్ అవుతోందండీ, కానీ వీటీఎక్స్‌ని (వర్చువల్ మెషీన్ల కోసం ప్రాసెసర్‌లో ఉండే సదుపాయం) వేరే హైపర్‌వైజర్ (వర్చువల్‌బాక్స్ లాంటి ప్రోగ్రామ్) వాడుతోందని ఆగిపోతోంది. నేను వేరేదేమీ వెయ్యలేదే?

జవాబు: మీరు వెయ్యలేదు, కెర్నెల్‌తోనే వచ్చింది, కేవీఎం అని. కెర్నెల్ 6.12 నుంచి ఆ మాడ్యూల్ లోడ్ అవ్వగానే వీటీఎక్స్‌ని పట్టేసుకుంటోంది. మోడ్‌ప్రోబ్ మైనస్ ఆర్‌తో కేవీఎం ఇంటెల్‌ని దించేసి చూడండి, ఏఎండీ అయితే కేవీఎం ఏఎండీ. అసలు మీరు లోపల నడిపేది కూడా లినక్సే అయితే కేవీఎంనే వాడుకోవచ్చుగా, 2007లో వచ్చిన 2.6.20 నుంచీ అది కెర్నెల్‌లో భాగమే, కంపైల్ గొడవే లేదు, దాన్ని నడిపే విర్ట్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ ఒక్కటి వేసుకుంటే సరిపోతది.