వంగిన రెజిన్ గోడలను సరిచేయడం ఎలా?

ప్రశ్న: నా మోడల్ రైల్వే కోసం 1:87 నిష్పత్తిలోని పాత రెజిన్ (ద్రవంగా అచ్చులో పోస్తే గట్టిపడే పదార్థం) స్టేషన్ భవనం కిట్ ఒకటి సంపాదించాను. గోడలు వంగి ఉన్నాయి. ప్లాస్టిక్ కిట్లకు వాడే జిగురు వీటికి పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆ జిగురు పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, ఇటువంటి కిట్లలో సాధారణంగా ఉండే పాలీయురిథేన్ రెజిన్‌ను అది కరిగించలేదు కాబట్టి సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ (రెండు భాగాలను కలిపి వాడే, నెమ్మదిగా గట్టిపడే జిగురు) గానీ వాడండి. బరువైన గోడలను సరిచూసుకునే వ్యవధి దొరుకుతుంది గనుక నేను ఎపాక్సీకే మొగ్గు చూపుతాను. అయితే ముందుగా భాగాలను కడగాలి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి పూసిన పదార్థపు జిడ్డు ఏళ్లు గడిచినా మిగిలి ఉండవచ్చు. గోరువెచ్చని సబ్బునీటిలో మెత్తని బ్రష్‌తో దాన్ని తొలగించకపోతే జిగురూ నిలవదు, రంగూ నిలవదు.

వంగిన గోడను బాగా వేడిగా ఉన్న నీటిలో మెత్తబడేవరకు ఉంచి, చదునైన గాజుపలకపై పరచి, పైన బరువు పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి చేయకుండా వంచితే పెళుసుబారిన పాత రెజిన్ విరిగిపోతుంది. దయచేసి ఇక్కడ తొందరపడవద్దు. మళ్లీ వంగకుండా లోపలివైపు స్టైరీన్ ప్లాస్టిక్ పట్టీలను ఆనుగా అతికించండి. అంచులను నునుపు చేసేటప్పుడు వచ్చే సన్నని ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక, మాస్కు ధరించి, నీటితో తడిపిన వాటర్ పేపర్‌తోనే రుద్దండి.