దోమలు, పిడుదుల జబ్బులకు మందు మన రక్తంలోనే ఉండాలి

"ఎంత ఫాగింగ్ చేసినా దోమలు తగ్గడం లేదు. మన ఇమ్యూనిటీతోనే దోమలు, పిడుదుల జబ్బులను ఆపలేమా?" అని అడిగారు. ఆపొచ్చు. నన్నడిగితే అసలు దారి అదే.

మాది కోనసీమలో లంక గ్రామం. నా చిన్నప్పుడు మా సావిడిలో ఒక ఒంగోలు ఆవు, పక్కనే నాన్న కొత్తగా కొన్న జెర్సీ సంకరం ఉండేవి. మా మామ్మ రోజూ పొద్దున్నే జెర్సీ చెవుల్లో, పొదుగు దగ్గర ఆముదం గింజల్లా ఉబ్బిన పిడుదులను పీకి కిరసనాయిలు డబ్బాలో వేసేది. ఒంగోలు ఆవుకు వెతికితే ఒకటో రెండో దొరికేవి. ఎండాకాలంలో జెర్సీకి జ్వరం వచ్చింది. మేత ముట్టలేదు, భుజం దగ్గర గ్రంథి వాచింది, పాలు ఎండిపోయాయి. పశువుల డాక్టరు రక్తం పరీక్ష చేయించి, పిడుదులు అంటించే థైలీరియా జబ్బు అన్నారు. ఖరీదైన ఇంజెక్షన్‌తో బతికింది.

"పక్కనే కట్టేసినదానికి ఏం కాలేదేం బాబూ?" అని మామ్మ అడిగింది.

"పిడుదు నోరు పెడితే దీని చర్మం ఊరుకోదు మామ్మగారూ. కడుపు నిండా తాగనివ్వదు" అన్నారాయన.

ఒకసారి పిడుదులు కుట్టిన గినీపందుల మీద తర్వాత వచ్చిన పిడుదులు సరిగ్గా రక్తం తాగలేవని విలియం ట్రేగర్ అనే శాస్త్రవేత్త 1939లోనే చూపించాడు. 1994లో ఆస్ట్రేలియాలో పశువులకు టీకా కూడా వచ్చింది. ఆ టీకాతో ఆవు రక్తంలో పుట్టే యాంటీబాడీలు, అంటే ఒంటి రక్షణ ప్రోటీన్లు, పిడుదు పొట్టలోకి వెళ్లి దాని పేగునే దెబ్బతీస్తాయి.

మనుషులకూ అలాంటిది వచ్చింది. పిడుదులతో వచ్చే లైమ్ జబ్బుకు 1998లో అమెరికాలో అనుమతించిన టీకా, బ్యాక్టీరియాను పిడుదు పొట్టలోనే చంపేది. మూడు డోసులతో 76 శాతం రక్షణ. అమ్మకాలు లేవని 2002లో అటకెక్కించారు! నాకు ఇప్పటికీ కోపమే.

మలేరియా క్రిమిని దోమ కడుపులోనే ఎదగనివ్వని టీకాల మీద పరిశోధన జరుగుతోంది. వేయించుకున్నవాడికి నేరుగా లాభం లేదు, వీధికి ఉంటుంది. జనం ఒప్పుకుంటారా? మా వైపు బోదకాలు మాత్రలు ఇంటింటికీ తెచ్చి ఇస్తే "నాకేం లేదుగా" అని గూట్లో పడేసేవాళ్లను చూశాను. కాలు వాచాకే జబ్బంటే ఎలాగండీ? మురుగు కాలువల్లో గుర్రపుడెక్క తీయించరు, మాత్ర మింగరు, దోమలను మాత్రం తిడతారు.

ఇమ్యూనిటీ అన్నాను కదా అని బస్టాండులో అమ్మే పొడులు కొనకండి. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకానికి పుట్టిన యాంటీబాడీలు మరో రకం సోకినప్పుడు జబ్బును ముదరబెట్టగలవు. కాబట్టి ఏదో ఒక ఇమ్యూనిటీ పెరిగితే చాలదు. క్రిమి ఎక్కడ దొరుకుతుందో అక్కడ సరిగ్గా తగిలే యాంటీబాడీ కావాలి.

మీ ఇంట్లో సంకరజాతి దూడ ఉంటే మాత్రం ఆగకండి. థైలీరియాకు మన దేశంలోనే టీకా తయారైంది. పశువుల డాక్టరుగారిని అడగండి.